తొడలకు కట్టుకున్న సీనియర్ బండ

మా వీధిలో ఎవరు ఎదురైనా ఇప్పటికీ నన్ను "బాగున్నావా రాజ్యం" అని అడగరు. "ఏం రంగు?" అని అడుగుతారు. పాలు పోసే ఆమె అడుగుతుంది, ఆటో తోలే ఆయన అడుగుతాడు, చర్చి గోడ నీడన కూర్చునే ముసలివాళ్ళు అడుగుతారు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు వాళ్ళు నోరు తెరవకముందే నేనే చెప్పేస్తున్నాను. ఆ రంగు గోల ఏమిటో, నలభై రెండేళ్ళ దాన్ని చేజేతులా మంచాన పడి మళ్ళీ నా కాళ్ళ మీద నేను ఎలా నిలబడ్డానో రాయమని మా చెల్లెలి కూతురు లావణ్య పోరుతోంది. "నువ్వు రాస్తే నలుగురైనా జాగ్రత్తపడతారు పెద్దమ్మా" అంటుంది. నలుగురి సంగతి ఏమో గానీ, రాస్తుంటే నా గుండె కుదుటపడుతోంది. అందుకే రాస్తున్నాను.

ముందు నా ఎడ్ల గురించి చెప్పాలి. అవి లేకపోతే ఈ జబ్బే లేదు.

మా పుట్టిల్లు వినుకొండ పక్కన. మా నాన్న బండలాగుడు పోటీలకు ఎడ్లను పెంచేవాడు. మా వైపు తిరునాళ్ళ అంటే ఆ పోటీ ఉండాల్సిందే. కాడికి కట్టిన జత పెద్ద రాతిబండను ఈడ్చుకుంటూ, మేం కోర్టు అని పిలిచే పొడుగాటి బరిలో ఈ చివర నుంచి ఆ చివరకు పోయి మళ్ళీ వెనక్కి రావాలి. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. తోలేవాళ్ళు వాటి పక్కనే అరుచుకుంటూ పరుగెత్తాలి. ఎద్దు వయసును పళ్ళను బట్టి చూస్తారు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, అన్నిటికన్నా పైన సీనియర్స్. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. చిన్నప్పుడు సాధన రోజుల్లో పగ్గాలు పట్టుకుని నేనూ పరుగెత్తేదాన్ని. పోటీ రోజు మాత్రం "ఆడపిల్లవి, గట్టు మీద కూర్చో" అనేవాళ్ళు. అలా గట్టు మీద కూర్చుని కూర్చుని, పెళ్ళి చేసుకుని రెంటచింతల దగ్గర మా అత్తగారి ఊరు వచ్చేశాను.

రెండేళ్ళ కిందట నాన్న తన దొడ్లో పుట్టిన రెండు కోడెదూడల్ని వ్యాన్‌లో ఎక్కించి నాకు పంపాడు. ఒకటి ముత్యం, ఒకటి గోవిందు. నా చేతి మేతే తిన్నాయి, నా గొంతే విన్నాయి. ఈసారి చైత్రంలో మా ఊరి తిరునాళ్ళ నాటికి రెండు పళ్ళ విభాగంలో దిగుతాయని లెక్క వేసుకున్నాను. వాటి పక్కన కోర్టులో నేనే పరుగెత్తాలని పట్టుబట్టాను. తిరునాళ్ళ కమిటీ వాళ్ళను అడిగితే, తోలేది మగవాడే కావాలని ఎక్కడా రాసిలేదని నసుగుతూనే ఒప్పుకున్నారు.

మా ఆయన కోటేశ్వరరావు మాత్రం ఇంతెత్తున లేచాడు.

"ఏందే నీ పిచ్చి? మోకాళ్ళు పట్టేసినయ్ అని పొద్దాక మూలిగేదానివి, గిత్తల ఎంబడి ఉరుకుతావా?"

"ఉరుకుతా. నువ్వు గట్టు మీద కూర్చో" అన్నాను.

కార్తీకమాసంలో సాధన మొదలుపెట్టాను. తెల్లారగానే చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పత్తి తీసేసిన చేలో ఎడ్లతోపాటు పరుగు. వారం తిరక్కుండానే నా తొడలు నావి కాకుండా పోయాయి. పీట మీద కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అప్పుడే లావణ్య హైదరాబాదు నుంచి వచ్చింది. అది కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ పొద్దున్నే పార్కులో పరుగులు తీసే పిల్ల. నా అవస్థ చూసి తన బ్యాగులోంచి ఒక పెట్టె తీసి ఇచ్చింది. అందులో రెండు నల్లటి పట్టీలున్నాయి. తొడలకు చుట్టుకుని మీట నొక్కితే లోపల సన్నగా కరెంటు చిమచిమలాడి కండను బిగించి వదులుతుంది. వ్యాయామం చేశాక అలసిన కండలు తొందరగా కోలుకోవడానికి పట్నంలో వాడతారట. కండ ఎంత కోలుకుందో ఫోనులో రంగు కూడా చూపిస్తుంది. ఎరుపైతే ఆగమని, పసుపైతే నిదానమని, ఆకుపచ్చయితే పరుగెత్తమని.

"ఒకటో నంబరు మీదే పెట్టుకో పెద్దమ్మా. పదిదాకా ఉంటయ్ గానీ, నీకు ఒకటి చాలు. కాసేపు పెట్టుకుని తీసెయ్" అని నాలుగుసార్లు చెప్పి వెళ్ళింది.

విన్నానా? ఇక్కడే మా ఎడ్ల ఇంటి బుద్ధి అడ్డం వచ్చింది. పోటీ ఎడ్లను పెంచేవాళ్ళం సాధనలో ఎప్పుడూ పోటీ బండ కట్టం. దానికంటే బరువైనది కడతాం. రోజూ పెద్దది లాగిన ఎద్దుకు పోటీ రోజు అసలు బండ తేలిగ్గా ఉంటుంది. నంబర్లు పదిదాకా ఉన్నాయంటే నాకు అవి బండల్లాగే కనిపించాయి. ఒకటి పాలపళ్ళ బండ, తర్వాత రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, అట్లా పైకి. పదో నంబరు సీనియర్ బండ. వారానికో బండ పెంచుకుంటూ పోయాను. ఎద్దు మీద పనిచేసింది మనిషి మీద ఎందుకు పనిచేయదు అనుకున్నాను.

మా అత్తకు ఈ ఆట భలే నచ్చింది. సాయంత్రం నేను పట్టీలు చుట్టుకుని అరుగు మీద కాళ్ళు చాపితే, పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ అడిగేది.

"ఇయ్యాల ఏ బండ కట్టావే?"

"నాలుగు పళ్ళది అత్తా."

"అబ్బో! మీ నాయన చూస్తే మురిసిపోతాడు."

నేనూ మురిసిపోయాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉండేది. ఆ చిమచిమలో నొప్పి తెలిసేది కాదు. నొప్పి తెలియలేదు కాబట్టి మర్నాడు ఇంకాస్త ఎక్కువ పరుగెత్తేదాన్ని. ఫోనులో పసుపు వస్తే బండ పెంచేదాన్ని. ఏవో హెచ్చరికలు ఇంగ్లీషులో వచ్చేవి, చదవకుండానే సరే అని నొక్కేసేదాన్ని. నొప్పి పోవడం వేరు, కండ కోలుకోవడం వేరు అన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ధనుర్మాసంలో ఒక సాయంత్రం దున్నిన చేలో ఎడ్లతో ఎక్కువసేపు పరుగెత్తి వచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఫోనులో ఎర్రటి వలయం. ఒళ్ళు మండింది. "నన్నే ఆగమంటావా" అని పదో నంబరు నొక్కాను. సీనియర్ బండ కట్టుకునే అన్నం తిన్నాను, సీరియల్ చూశాను, అత్తతో కబుర్లు చెప్పాను. తొడలు ఎగిరెగిరి పడుతుంటే ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

మర్నాడు పొద్దున మంచం దిగలేకపోయాను. తొడలు వాచిపోయి, చర్మం బిగిసి, వేలితో నొక్కితే లోపలికి దిగడం లేదు. మా ఆయన చూసి "నరం పట్టింది" అన్నాడు. అత్త వేణ్ణీళ్ళు కాచింది. లాగి వచ్చిన ఎద్దుకు మేం ఏం చేస్తామో అదంతా నాకు చేశారు. కాపడం పెట్టారు, వేడి నువ్వులనూనె పోశారు, చెరో కాలూ పట్టుకుని పిసికారు. నేను పెట్టిన కేకలకు పక్కింటి గేదెలు బెదిరాయి.

"ఓర్చుకోవే, ముత్యం కూడా ఇంత గోల చెయ్యలా" అన్నాడు మా ఆయన.

పైగా బలానికని గిన్నెడు చిక్కటి ఉలవచారు తాగించారు. మధ్యాహ్నానికి ఒళ్ళంతా నీరసం, వాంతి. ఇద్దరి భుజాల మీద చేతులేసి బాత్రూంకి వెళ్ళాను. అక్కడ చూస్తే మూత్రం కాఫీ డికాషన్ రంగు. రక్తం కాదు, పసుపు కాదు, అచ్చంగా డికాషన్. అత్తను పిలిచి చూపించాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "ఒరేయ్ కోటయ్యా, కారు పిలవరా!" అని అరిచిన అరుపు నేను బతికున్నంతకాలం మర్చిపోను.

ఇది చదువుతున్న వాళ్ళెవరైనా ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. బాగా కష్టపడిన తర్వాత కండలు వాచి, మూత్రం ఆ రంగులోకి తిరిగితే ఇంట్లో నూనె కాచుకుంటూ కూర్చోవద్దు. అప్పటికప్పుడు ఆసుపత్రికి పొండి.

కారులో నరసరావుపేట వెళ్ళాం. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ నా తొడలు చూసింది, రక్తం తీయించింది, సెలైన్ పెట్టించింది. పరీక్షల కాగితాలు వచ్చాక మంచం పక్కకు కుర్చీ లాక్కుని, ఏం పని చేశారని అడిగింది. నేను మా ఆయన వంక చూశాను, ఆయన అత్త వంక చూశాడు.

"సీనియర్ బండ కట్టిందమ్మా" అంది అత్త.

డాక్టరమ్మకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. పట్టీలు, నంబర్లు, పరుగు, నూనె, పిసకడం, ఉలవచారు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాం. ఆవిడ నవ్వు ఆపుకుంటూనే కోప్పడింది. నా కండలు లోపల చితికిపోయాయట. చితికిన కండలోని సరుకు రక్తంలో కలిసి మూత్రపిండాలకు అడ్డం పడుతోందట. ఆ చితికినదాన్నే మేం మళ్ళీ పిసికామట. "ఈ రెండు మూడు రోజులు కిడ్నీలు తట్టుకుంటే గండం గడిచినట్టే. తట్టుకోకపోతే కొన్నాళ్ళు డయాలసిస్ మిషన్ మీద పెట్టాల్సి రావచ్చు" అంది.

ఆ మిషన్ పేరు వినగానే మా ఆయన గది బయటికి వెళ్ళిపోయాడు. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. చావంటే భయం లేదని చెప్పేవాళ్ళను నేను నమ్మను. నాకు చచ్చేంత భయం వేసింది. భయంలో కూడా ఏం గుర్తొచ్చిందయ్యా అంటే, సాయంత్రం ఎడ్లకు నీళ్ళు ఎవరు పెడతారని. తిరునాళ్ళ పోయింది, కోర్టు పోయింది, మళ్ళీ నేను గట్టు మీదకే అనుకుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు.

మా ఆయన తిరిగొచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఒకటే మాట అన్నాడు.

"ఎడ్లని అమ్మేస్తా. తిరునాళ్ళ లేదు, బండా లేదు. నాకు నువ్వు కావాలి, అయి కాదు."

నాకు కోపం ముంచుకొచ్చి గోడవైపు తిరిగాను. ఆయన వరండాలో కూర్చుని టిఫిన్ కూడా ముట్టలేదని అత్త చెప్పింది. లావణ్య హైదరాబాదు నుంచి పరుగున వచ్చి, తప్పంతా తనదేనని ఏడ్చింది. దాన్ని ఓదార్చడానికే నాకు ఓ పూట పట్టింది. "ఆ పట్టీలని కృష్ణలో పారేసి రా" అని అత్త దాని మీద విరుచుకుపడింది. "అది ఒకటే చాలన్నది అత్తా, పది నొక్కింది నేను" అంటే గానీ ఆవిడ తగ్గలేదు.

ఆ రోజుల్లో మమ్మల్ని నవ్వించింది మరియమ్మ. రెంటచింతల మనిషి. వాళ్ళ ఆయన చాలాకాలంగా వారం వారం అదే ఆసుపత్రికి డయాలసిస్‌కి వస్తాడు. ల్యాబు ముందు బల్ల మీద మా అత్త ఏడుస్తుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుందట. ఊరు పక్కూరే అని తెలిశాక ఇక మా గదిలోనే మకాం. నా మొహం చూసి మొదటి మాటే ఇట్లా అంది.

"భయపడమాక వదినా. ఆ మిషన్ ఎక్కినా మడిసి బతుకుతాడు. మా ఆయన్ని చూడు, ఇయ్యాల పొద్దున కూడా కూరలో ఉప్పు లేదని నా మీద ఇంతెత్తున లేచాడు."

నా మంచానికి వేలాడదీసిన మూత్రం సంచి ఆమెకూ మా అత్తకూ పెద్ద పనైంది. కిటికీ వెలుగులో ఇద్దరూ వంగి చూసేవాళ్ళు. చీరల కొట్టులో రంగులు ఎంచినట్టు ఎంచేవాళ్ళు.

"నిన్న డికాషనే. ఇయ్యాల ఉలవచారు" అనేది అత్త.

"యాడ ఉలవచారు పిన్నీ? సరిగ్గా చూడు. చింతపండు పులుసు."

"పులుసంటే తేరినట్టే కదమ్మా!"

"చానా తేరింది."

వెంటనే అత్త ఫోను తీసి ఊళ్ళో వాళ్ళకు చెప్పేది. ఆవిడకు ఫోనులో మామూలు గొంతుతో మాట్లాడటం చేతకాదు. ఆ వరండా మొత్తానికీ, మా వీధి మొత్తానికీ నా రంగు రోజూ తెలిసేది. పులుసు టీ అయింది, టీ తేనె అయింది. తేనె దగ్గర ఆగి ఒక పూటంతా కదల్లేదు. ఆ పూట ఎవరూ జోకులు వేయలేదు. మరియమ్మ కిటికీ దగ్గర నిలబడి జపమాల తిప్పింది, అత్త కోటప్పకొండ స్వామికి మొక్కుకుంది, మా ఆయన నా పాదాల దగ్గర కూర్చుని వేళ్ళు నిమురుతూ ఉండిపోయాడు. పిసకొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది కాబట్టి నిమరడమే. మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ సంచి చూసి, కాగితాలు చూసి, నా బుగ్గ తట్టింది.

"నిమ్మకాయ నీళ్ళు" అంది. మా భాష ఆవిడకూ అంటుకుంది.

అత్తా మరియమ్మా ఒకరినొకరు పట్టుకుని గెంతారు. నర్సు వచ్చి కోప్పడే దాకా ఆపలేదు. గండం గడిచింది.

ఇంటికొచ్చాక అసలు సంగతి తెలిసింది. మూత్రపిండాలు కోలుకున్నాయి గానీ కాళ్ళు చిక్కి పుల్లల్లా అయ్యాయి. మెట్టు ఎక్కాలంటే గోడ, కూర్చోవాలంటే మనిషి. చేత్తో ఎత్తి కాలిని మంచం మీద పెట్టుకునేదాన్ని. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. అందరితో బాగానే నవ్వేదాన్ని, వాళ్ళు వెళ్ళాక ఏడ్చేదాన్ని. ఎడ్లు అమ్మే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అమ్మేశాడేమోనని భయం. దొడ్డి వెనక వైపు ఉంది, నేను అంత దూరం నడవలేను.

మాఘమాసంలో ఒక పొద్దున దొడ్డివైపు ఎవరో ఆడమనిషి అరుపు వినిపించింది. "హోయ్ నా ముత్యమా, రావయ్యా గోవిందా!" అది నా పిలుపు. నేను ఎడ్లను అదిలించే పిలుపు, నా రాగంతోనే. కానీ గొంతు నాది కాదు, అసలు మనిషి గొంతులాగే లేదు. గోడ పట్టుకుని, గడప పట్టుకుని, ఎట్లాగో వెనక కిటికీ దాకా చేరాను.

మా ఆయన. నా పాత ఆకుపచ్చ చీర తలకూ భుజాలకూ చుట్టుకుని, గొంతు సన్నం చేసి, చిన్న బండ కట్టిన ఎడ్ల పక్కన పరుగెత్తుతున్నాడు. ఆ పొట్టేసుకుని, ఆ చీర కొంగు ఎగురుతుంటే! ముత్యం ఆయన భుజం మీది చీర వాసన చూసి రెండడుగులు వేసి ఆగుతోంది. ఆయన మళ్ళీ "హోయ్ నా ముత్యమా" అంటున్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని నేను నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయాను. అత్త వచ్చి లేపింది.

"నీకు చెప్పొద్దన్నాడే. నువ్వు ఆసుపత్రిలో ఉన్నకాడ్నించి అయి మేత ముట్టలా. నీ చీర కట్టుకుంటేనే తిన్నయ్. ఊరోళ్ళు నవ్వుతన్నారంటే నవ్వనీ అన్నాడు" అంది.

ఆ సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని కాళ్ళు రుద్దుకుంటూ ఏమీ ఎరగనట్టు ఉన్నాడు. లావణ్య ఇచ్చిన పెట్టె గూట్లో పెట్టినచోట లేదు. మంచం కింద చూస్తే పట్టీలు, వాటికి చెమట వాసన.

"ఏమయ్యా, నువ్వు కట్టుకుంటన్నావా?"

"ఒకటో నంబరే! ఒట్టు! ఒకటి దాటితే నన్నడుగు" అని రెండు చేతులూ ఎత్తాడు. "చీమలు పాకినట్టుందే. హాయిగానే ఉందిలే."

"ఎడ్లని అమ్ముతానన్నావుగా?"

"అన్నాలే" అని అటు తిరిగాడు. అంతే. మా ఇంట్లో క్షమాపణలు అంతకంటే పొడుగ్గా ఉండవు.

ఆ తర్వాత డాక్టరమ్మ రాసిచ్చిన చీటీతో నరసరావుపేటలోనే ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. మెత్తగా మాట్లాడుతుంది గానీ ఒక్క అంగుళం వదలదు. కొన్ని వారాలు ఊరికే కాలు చాపి, మడిచి, గోడకు ఆనుకుని లేచే పనులే. రక్తం పరీక్షలు మామూలుగా వచ్చాక డాక్టరమ్మను అడిగి, ఫాల్గుణంలో ఆ పట్టీలు తెమ్మంది. వాటిని చూడగానే నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

"మిషన్ మంచిదేనండీ. అలసిన కండకి అది సాయం. మీరు దాంతో పోటీ పెట్టుకున్నారు" అని తనే చుట్టి, ఒకటో నంబరు నొక్కింది. సన్నగా చిమచిమ. "ఇది మీ లెక్కలో ఏ బండండీ?"

"పాలపళ్ళది" అన్నాను.

"అయితే నేను చెప్పేదాకా పాలపళ్ళ విభాగమే."

నలభై రెండేళ్ళకు మళ్ళీ పాలపళ్ళ విభాగంలో చేరాను. సిగ్గుపడలేదు. ఫోనులో ఎరుపు వస్తే పడుకున్నాను. పసుపు వస్తే అరుగు మీద కూర్చున్నాను. ఆకుపచ్చ వచ్చినా ఒళ్ళు ఏమంటుందో అడిగి గానీ అడుగు వేయలేదు. వాకిలి దాకా నడిచాను, తర్వాత దొడ్డి దాకా. మొదటిసారి నన్ను చూసి ముత్యం గొలుసు తెంచుకున్నంత పని చేసింది. గోవిందు నా చెయ్యి మొత్తం నాకింది. వాటి మెడలు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, నా కాళ్ళు వణకడం కూడా మర్చిపోయాను.

చైత్రం వచ్చింది. నడవొచ్చు, పరుగెత్తకూడదు అంది డాక్టరమ్మ. "పరుగు వచ్చే ఏడు చూద్దాం." బతిమాలాను, అరిచాను, ఫలితం లేదు. మా ఆయన తోలేటట్టు, నేను ఒక చివర కుర్చీలో కూర్చుని పిలిచేటట్టు ఖాయం చేశాం. అంటే మళ్ళీ గట్టు మీదకే. ఏడుపు మింగుకుని పట్టుచీర కట్టుకున్నాను.

రెంటచింతల వైపు చైత్రం ఎండ సంగతి చెప్పేదేముంది. పొద్దున్నే పోటీ పెట్టినా కోర్టు అప్పటికే కాలిపోతోంది. మరియమ్మ వాళ్ళ ఆయన్ని తీసుకుని గొడుగుతో వచ్చింది. మైకులో మా జత పేరు వచ్చింది. "ఎడ్ల యజమాని శ్రీమతి రాజ్యలక్ష్మి గారు!" అనగానే అత్త ఈల వేసింది. ఆవిడకు ఈల వచ్చని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలియదు.

ఈల మోగింది, బండ కదిలింది. మా ఆయన చీర చుట్టుకోలేదు గానీ మెడలో తువ్వాలులా వేసుకున్నాడు. మొదటి చుట్టులో ఎడ్లు నానుంచి దూరంగా పోవాలి. పోలేదు. కాళ్ళీడ్చుకుంటూ, తల తిప్పి నన్ను చూసుకుంటూ పోయాయి. అటు చివర తిరిగి నావైపు రావడం మొదలుపెట్టగానే రెక్కలొచ్చినట్టు వచ్చాయి. జనం ఓహో అన్నారు. మళ్ళీ అటు పోవాలంటే మళ్ళీ ఈడ్పులే.

"ఒరేయ్, కుర్చీ ఎత్తండ్రా!" అంది అత్త.

ఆటో తోలే ఆయనా, పాలు పోసే ఆమె మొగుడూ నన్ను కుర్చీతో సహా ఎత్తేశారు. నేను "దించండ్రోయ్" అంటూనే ఉన్నాను, తాళ్ళ బయట నుంచి వాళ్ళు పరుగెత్తుతూనే ఉన్నారు. ఎడ్లు ఈ చివరకు రాగానే నన్ను ఆ చివరకు మోసుకెళ్ళడం, అవి అటు రాగానే మళ్ళీ ఇటు. ముందు లావణ్య దారి చేస్తోంది, వెనక మరియమ్మ గొడుగు పట్టుకుని పరుగెత్తుతోంది. కమిటీ పెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఇదేందమ్మా, ఇది రూల్లో లేదే!"

"కుర్చీ ఎత్తగూడదని రూల్లో ఉందా? చూపించు" అంది అత్త. ఆయన ఆలోచించేలోపల మేం అవతలి చివర ఉన్నాం.

చివరి నిమిషాల్లో ఇద్దరు మోతగాళ్ళూ కుర్చీ దించి నేలమీద చతికిలబడ్డారు. ఎడ్లు అటు తిరిగాయి. నేను ఇటు ఉండిపోయాను. మా ఆయన గొంతు అప్పటికే పోయింది, నోరు కదులుతోంది గానీ శబ్దం లేదు. ముత్యం తల నావైపు తిప్పి ఆగిపోయింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని లేచాను.

"పెద్దమ్మా, పరుగెత్తొద్దు!" అని లావణ్య అరిచింది.

"పరుగెవరు తీస్తన్నారే? నడుస్తన్నా" అన్నాను.

తాళ్ళ పక్కనే నడిచాను. "హోయ్ నా ముత్యమా, రావయ్యా గోవిందా!" బండ లాగీ లాగీ అలసిన ఎద్దు చివర్లో నడకే నడుస్తుంది. నాదీ నడకే. తాడుకు అటు అవి, ఇటు నేను. ఆయన వాటికి అవతల. నలుగురం ఒకే అడుగు వేసుకుంటూ కోర్టు చివరిదాకా పోయాం. చిన్నప్పటి నుంచి గట్టు మీద కూర్చున్న దాన్ని, ఆ రోజు నా ఎడ్ల పక్కన నా కాళ్ళతో ఉన్నాను. ఈల మోగింది. మాకు ఐదో స్థానం వచ్చింది. అత్త మొదటి బహుమతి వచ్చినట్టే ఊరంతా చెప్పుకుంది.

మర్నాడు పొద్దున లేవబోతే తొడలు పట్టేశాయి. అదే చోటు, అదే బిగువు. మంచం అంచున కదలకుండా కూర్చున్నాను. ఆయన నిద్రలేచి నా మొహం చూసి చెయ్యి అందించాడు. గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్ళాను. బయట అత్త వాకిలి ఊడుస్తున్న చప్పుడు ఆగిపోయింది. కళ్ళు మూసుకుని, తెరిచాను.

"ఏం రంగే?" అంది అత్త తలుపు అవతల నుంచి.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇది పని చేసిన నొప్పి. నడిచిన కాళ్ళ నొప్పి. అంతకుమించి ఏమీ కాదు.

"నీళ్ళ రంగత్తా!" అని అరిచాను.

"నీళ్ళ రంగంట!" అని అత్త వీధిలోకి కేకేసింది. పాలు పోసే ఆమె ఎదురింటికి చెప్పింది, ఎదురింటివాళ్ళు పక్కింటికి చెప్పారు. చీపురు చప్పుడు మళ్ళీ మొదలైంది.